కాలువ పడవ నుంచి చేతిఫోను దాకా

వాడరేవు తీరంలో వేటకు పోయే జాలరికి ఇప్పుడు సముద్రపు వార్త చేతిఫోనులోనే అందుతున్నది. చేపలు ఏ దిక్కున, ఎంత దూరాన గుమిగూడే అవకాశమున్నదో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాల సాయంతో అంచనా కట్టి కోస్తా మత్స్యకారులకు తెలియజేస్తుంది. అలలు ఉవ్వెత్తున లేచే రోజున వేట మానుకొమ్మని హెచ్చరిస్తుంది. 1999లో ఏర్పడిన ఆ సంస్థ భవనాన్ని తీరంలోని జాలరులలో చూచినవారు బహు తక్కువమంది ఉంటారు. చూడవలసిన అవసరమూ లేదు. అది పంపే నాలుగు ముక్కల్లో ఆనాటి కూడు ఉన్నది. అందుకే చదువుకొంటారు, చదువు రానివారు చదివించుకొంటారు.

ఆ రేవు నుంచి చీరాల మీదుగా పోతే కొద్ది మైళ్ళలోనే వేటపాలెం తగులుతుంది. మగ్గాలకూ జీడిపప్పుకూ పేరుబడిన ఆ ఊళ్ళో 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి, ఆయన మిత్రులూ ఒక యువజన సంఘం పక్షాన పెట్టిన చిన్న పుస్తకశాల సారస్వత నికేతనమై పెరిగింది. 1929లో గాంధీజీ దానిని దర్శించారు. ఆయన చేతికర్ర నేటికీ అక్కడ భద్రంగా ఉన్నది. చేతికర్ర కంటే విలువైనవి అక్కడి పాత పత్రికల సంచికలు. ఆంధ్రదేశ చరిత్రను, సాహిత్యాన్ని పరిశోధించేవారు దేశాంతరాల నుంచి సైతం ఆ సంచికల కొరకు వచ్చారు. అయితే సముద్రంలో చేప జాడ వాడరేవుకు తెలిసినంత తేలికగా అరలోని పుస్తకం జాడ పొరుగూరి బడిపంతులుకు తెలుస్తున్నదా అన్నది ప్రశ్న. ఇది ఒక్క వేటపాలెం ప్రశ్న కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలోని ప్రతి శాఖా గ్రంథాలయానికీ, ఆ మాటకు వస్తే తెలుగుదేశంలోని ప్రతి పుస్తకాల గదికీ ఇది తగులుతుంది. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అనే సామాజిక మాధ్యమాల ద్వారా గ్రంథాలయాలు పాఠకులకు చేరువ కావలెనని నేడు సభలలో తరచుగా వినవస్తున్నది. చేరువ కావడమంటే ఏమిటో మాత్రం ఎవరూ విడమరచి చెప్పడం లేదు.

చెప్పవలెనంటే ఈ ప్రాంతపు గతాన్నే కొంచెం తిరగవేయవలె. పాఠకుడు గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే పాఠకుని వద్దకు పోవలెననే ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. 1914 ఏప్రిల్‌లో విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ సంఘానికి ప్రాణంగా నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1915లో 'గ్రంథాలయ సర్వస్వం' పత్రికను వెలువరించారు. ఆనాటి కార్యకర్తలు ఊరూరా యాత్రలు చేశారు. హరికథలు చెప్పించారు. చదువు రానివారికి సాయంకాలం పత్రికలు చదివి వినిపించారు. పుస్తకం తలుపు లోపల కూర్చుని ఉంటే ఎవరూ రారని వారికి బాగా తెలుసు.

తెనాలికి దాపున పెదపాలెంలో పాతూరి నాగభూషణంగారు మరొక అడుగు ముందుకు వేశారు. 1935లో పుస్తకాలను పడవకెక్కించి కాలువ దారిని పంపారు. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఆ రోజులలో కాలువే రహదారి. ధాన్యపు బస్తాలు, పెళ్ళివారు, బంధువులు, పత్రికల కట్టలు అన్నీ నీటిమీదనే నడిచేవి. జనం ఏ దారిని నడుస్తున్నారో చూచి ఆ దారిలోనే పుస్తకాన్ని పెట్టడం పాతూరివారి యుక్తి. గ్రంథాలయోద్యమ చరిత్రలో పడవ గ్రంథాలయాన్ని ఒక వింతగా చెప్పుకోవడం అలవాటైపోయింది. అది వింత కాదు. లెక్క తప్పని ఆలోచన. ఈనాడు జనం నడిచే దారి చేతిఫోను. పాతూరివారు నేడు ఉండి ఉంటే పుస్తకాల వార్తను ఏ కాలువ మీద వదలి ఉండేవారో ఊహించడం కష్టం కాదు.

అయితే పడవ పోలికను సగంలో ఆపితే మోసపోతాము. కాలువ పుస్తకాలను మోయలేదు, పడవ మోసింది. పడవ తనంతట పోలేదు. తెడ్డు వేసేవాడు, గట్టుమీద ఆపి పుస్తకం ఇచ్చేవాడు, వెనుకటి పుస్తకం తిరిగి తీసుకొని రాసుకొనేవాడు ఉండబట్టి పోయింది. నేటి చర్చలలో కాలువను గూర్చి మాటలు ఎక్కువ, పడవను గూర్చి తక్కువ, గట్టు మీది మనిషిని గూర్చి బొత్తిగా లేవు.

స్వాతంత్ర్యానంతరం గ్రంథాలయాలకు చట్టబద్ధమైన ఆధారం ఏర్పడింది. 1948లో మద్రాసు రాష్ట్రపు చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చినవి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతున్నది. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని చందా అడగవలసిన పని తప్పడంతో చందాదారుని పలకరించవలసిన పనీ తప్పిపోయింది. ఉద్యమకాలంలో గ్రంథపాలకుడు పాఠకుని వెదికేవాడు. చట్టం వచ్చాక పాఠకుడు తనంతట వస్తే సరి, రాకపోయినా సెస్సు వస్తుంది. ఇంటిపన్ను కట్టే గృహస్థులలో తాము గ్రంథాలయానికి కూడ డబ్బు కడుతున్నామని ఎరిగినవారు ఎందరు? తాను కట్టిన పైకానికి తనకు రావలసిన పుస్తకమేదో అతనికి చెప్పడమే మొదటి సందేశం కావలె.

సామాజిక మాధ్యమాలలో మన గ్రంథాలయాల పుటలు తెరిచి చూచినవారికి సాధారణంగా కనుపించేవి ఏమిటి? ఒక మహాకవి జయంతి, పటానికి పూలమాల, పటానికి ఇరువైపులా అధికారులు, అనధికారులు. మరునాడు మరొక వర్ధంతి, మరొక మాల. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలలో ఈ బొమ్మలు మరింత దట్టమవుతవి. ఆ కవి రచనలలో ఏవి ఆ గ్రంథాలయంలో ఉన్నవో, ఎన్ని ప్రతులున్నవో ఒక్క ముక్క ఉండదు. పటం కింద నిలబడినవారూ వారి బంధువులూ ఆ బొమ్మను మెచ్చుకొంటారు. పాఠకునికి దానితో పని లేదు.

అదే జయంతినాడు వేరొక రకంగా రాయవచ్చును: 'గురజాడ కథల ప్రతులు రెండు ఉన్నవి. 1910 నాటి దిద్దుబాటు కథ ఉన్నత పాఠశాల పిల్లలు పది నిమిషాలలో చదువగలరు. కావలసిన ఉపాధ్యాయులు ఈ సంఖ్యకు తెలిపితే శనివారం వరకు తీసి ఉంచుతాము.' ఇందులో అలంకారమేమీ లేదు. కాని ఒక పంతులు దీనిని చూచి మారుమాట పంపుతాడు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో ఒకటి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకవలెనంటుంది. మరొకటి పాఠకుని కాలం వృథా కారాదంటుంది. ఆ రెండు సూత్రాలూ ఈ మూడు వాక్యాలలో నెరవేరుతున్నవి.

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక ఆక్షేపణ తెచ్చే అవకాశమున్నది. పిల్లల చదువును చెరిచింది ఫోనే గదా, ఆ ఫోనులోనే గ్రంథాలయం కూడ దూరితే ఇక పుస్తకం పట్టేదెవరు అని. ఆక్షేపణలో సత్యముంది. ఈ మాధ్యమాలు ప్రకటనల మీద బతుకుతవి గనుక చూపును ఎంతసేపు కట్టిపడవేస్తే వాటికి అంత లాభం. పుస్తకానికి కావలసినది ఇందుకు సరిగా ఎదురైన గుణం. కాని 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు ఇదే ఉపాధ్యాయులు ఇదే ఫోనులో పాఠాలు పంపవలసి వచ్చింది. ఆ తరువాత ఫోనును కేవలం శత్రువని తోసివేయడం సాధ్యం కాలేదు. గ్రంథాలయం సందేశానికి ఒక పరీక్ష పెట్టవచ్చును. అది చదివినవాడు ఫోను కింద పెట్టి పుస్తకం కొరకు లేచినాడా, లేక మరొక సందేశానికి జరిగినాడా? రెండవదే జరుగుతున్నట్టయితే ఆ సందేశం గ్రంథాలయానిది కాదు, ఫోనుదే.

స్కాట్లాండుకు ఉత్తరాన ఓర్క్నీ అనే దీవులున్నవి. అక్కడి జనసంఖ్య సుమారు ఇరవైరెండు వేలు. ఆ దీవుల గ్రంథాలయం ట్విట్టరులో (2023 నుంచి దాని పేరు ఎక్స్) చమత్కారపు పలుకులతో పేరు గడించి, దీవులలోని జనంకంటె ఎక్కువమంది అనుచరులను సంపాదించింది. సంతోషమే. కాని ఆ అనుచరులలో ఎక్కువమంది ఓర్క్నీలో అడుగుపెట్టి పుస్తకం తీసుకొనేవారు కారని వేరే చెప్పనక్కరలేదు. అనుచరుడు వేరు, పాఠకుడు వేరు. న్యూయార్కు ప్రజా గ్రంథాలయం 2018లో చేసిన పని దీనికంటె ఆలోచించదగినది. లూయీ కరోల్ వ్రాసిన ఆలిస్ కథను ఇన్‌స్టాగ్రాములో పుట తరువాత పుటగా, కదిలే బొమ్మలతో పెట్టి చదివించింది. వేలితో అదిమి ఉంచితే పుట నిలుస్తుంది, వదిలితే తరువాతి పుట వస్తుంది. అంటే మాధ్యమపు తొందరను పాఠకుని వేలి కిందికి తెచ్చింది.

తెలుగులో ఇటువంటి పనికి అడ్డంకి డబ్బుకంటె తెలియకపోవడమే. ఏ పుస్తకాన్ని స్వేచ్ఛగా పంచవచ్చును, దేనిని పంచరాదు అన్న వివేకం ముందు కావలె. మన దేశంలో 1957 నాటి చట్టం ప్రకారం రచయిత జీవితకాలమూ, ఆ పైన అరవై సంవత్సరాలూ హక్కు ఉంటుంది. గురజాడ 1915లో, చిలకమర్తి 1946లో గతించారు గనుక వారి రచనలు ఇప్పుడు అందరివీ. 'మాలపల్లి' రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1958లో గతించారు. 2019 జనవరి నుంచి ఆ నవల కూడ స్వేచ్ఛ పొందింది. జాషువా 1971లో పోయారు. 2031 చివరి వరకు ఆయన కావ్యాలకు హక్కు ఉన్నది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారివి 2040 దాకా ఆగవలె. వాట్సాప్ బృందాలలో నేడు ఏ పుస్తకమైనా నకలుగా చేతులు మారుతున్నది. ఇతరులు చేస్తున్నారు గనుక గ్రంథాలయమూ చేస్తే, పుస్తకాలు కొనవలసిన సంస్థే పుస్తకరచయిత పొట్ట కొట్టినట్టవుతుంది. హక్కులున్న పుస్తకాన్ని గూర్చి పరిచయం వ్రాయవచ్చును, ఉన్నదని చెప్పవచ్చును, తీసి ఉంచవచ్చును. ఆ మాత్రం చాలు.

హక్కులు తీరిన పుస్తకాలతో ఒక పాత ఆచారాన్ని మళ్ళీ నిలబెట్టవచ్చును. ఒకప్పుడు గ్రంథాలయపు అరుగుమీద పత్రిక చదివి వినిపించేవారు. ఇప్పుడు అదే పని యూట్యూబులో పది నిమిషాల గొంతుతో జరుగుతుంది. మగ్గం మీద చేతులు ఆడుతుండగా వినవచ్చును. చూపు లేనివారు వినవచ్చును. ఇక్కడ చిన్నదైనా ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. మన కార్యాలయాలలో ప్రకటనలను పాత డీటీపీ అక్షరాలలో కూర్చి, దానిని బొమ్మగా మార్చి పంపడం అలవాటు. బొమ్మలోని తెలుగును వెదికినా దొరకదు. చూపు లేనివారికి చదివి వినిపించే యంత్రాలు దానిని సరిగా పట్టలేవు. యూనికోడు అక్షరాలలో నాలుగు పంక్తులు టైపు చేస్తే ఆ చిక్కు తీరుతుంది. రంగురంగుల పూలబొమ్మ లేకపోతే ప్రకటన బోసిపోతుందనుకొనేవారు పాఠకుణ్ణి తక్కువగా అంచనా వేస్తున్నారు.

మాట ఒకవైపు నుంచే పోతే అది ప్రకటన. మారుమాట వస్తేనే పరిచయం. పాత పత్రికలున్న గ్రంథాలయానికి ఇందులో గొప్ప అవకాశమున్నది. చిరునామా తెలియని ఒక ఛాయాచిత్రం, కర్త పేరు చిరిగిపోయిన ఒక పుట, ఒక ఊరి సభావార్త ఇటువంటివి వారానికొకటి పెట్టి, 'వీరెవరో, ఈ చోటెక్కడో ఎరిగినవారు తెలుపవలె' అని అడిగితే ఊళ్ళోని వృద్ధులు పలుకుతారు. మనుమడు ఫోను చూపితే తాత పేర్లు చెబుతాడు. గ్రంథాలయం తెలుపడమే కాక తెలుసుకొంటుంది కూడ. ఇటువంటి జ్ఞాపకాలు ఆ వృద్ధులతోపాటు పోతున్నవి గనుక ఈ పనికి తొందర ఉన్నది.

చదువుల గదిలో నేడు ఎక్కువగా కనుపించేది పోటీపరీక్షల అభ్యర్థులు. 2025లో ప్రభుత్వం 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన వెలువరించినప్పుడు ఈ గదులకు ఎంత గిరాకి ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. వారిని కొందరు పెద్దలు పాఠకులుగా లెక్కించరు. అది అన్యాయం. ఉద్యోగం కొరకు చదివేవాడూ చదివేవాడే. విచారించవలసినది, ఉద్యోగం రాగానే అతడు గ్రంథాలయాన్ని మరచిపోవడం. అతని ఫోనులో గ్రంథాలయం పేరు మిగిలి ఉండి, నెలకొకసారి ఒక మంచి పుస్తకం కబురు చెబితే, రేపు అతడు పంతులైనప్పుడు తన తరగతిని వెంటబెట్టుకొని రావచ్చును.

ఇక పనిముట్లను గూర్చి రెండు మాటలు. వాట్సాప్ బృందంలో 1,024 మంది వరకు చేరవచ్చును. కాని చేరినవారి ఫోను సంఖ్యలు తక్కినవారికి కనుపిస్తవి. పుస్తకం కొరకు చేరిన యువతికి అర్ధరాత్రి అపరిచితుని పలకరింపు వస్తే, ఆమె బృందాన్నే కాదు, గ్రంథాలయాన్ని కూడ వదలిపోతుంది. 2023 సెప్టెంబరులో మన దేశంలో మొదలైన వాట్సాప్ ఛానెల్‌లో ఈ బాధ లేదు. చేరినవారు ఒకరికొకరు తెలియరు. అయితే అందులో చందాదారు మారుమాట వ్రాయలేడు. కనుక కబురు ఛానెల్‌లో, ప్రశ్నకు విడిగా ఒక సంఖ్య, రెండూ కావలె. ఫేస్‌బుక్ పుటను నమ్ముకొని సెలవు ప్రకటన పెడితే, అది ఎవరికి ఎప్పుడు చూపవలెనో నిర్ణయించేది ఆ కంపెనీ యంత్రం. సెలవు గడిచిన మూడవనాటికి కొందరికి కనుపిస్తుంది. పిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడవలె. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేండ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావలెనంటున్నది. నియమాలు 2025 నవంబరులో వెలువడి అంచెలంచెలుగా అమలుకు వస్తున్నవి. చట్టం మాట అటుంచినా, ఒకరు ఏ పుస్తకం తీసుకొన్నారో బొమ్మతో సహా లోకానికి చాటడం మర్యాద కాదు. జబ్బును గూర్చి, విడాకులను గూర్చి, అప్పును గూర్చి చదువదలచినవారు ఆ బొమ్మ భయానికే తలుపు దాటి లోనికి రారు.

ఇవన్నీ చేసేదెవరు? ప్రశ్న తిరిగి గట్టు మీది మనిషి వద్దకే వచ్చింది. ఒక్కరే తలుపు తీసి, ఊడ్చి, పత్రికలు పరచి, పుస్తకాలిచ్చి, సాయంకాలం తాళం వేయవలసిన శాఖలో ఆ ఒక్కరి మీదనే ఫోనును కూడ మోపడం న్యాయం కాదు. రోజుకు ఒక అరగంట, అదీ పనివేళలో, ఈ పనికి కేటాయించి, దానిని ఉద్యోగ విధిగా వ్రాసి ఇవ్వవలె. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేర 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ధ్రువపత్రం కొరకు ఆ దారి వేయగలిగిన ప్రభుత్వానికి పుస్తకం కొరకు వేయడం అసాధ్యం కాదు. కాని ధ్రువపత్రాన్ని యంత్రం ఇవ్వగలదు. మా అమ్మాయి తొమ్మిదవ తరగతి, ఏం చదివించమంటారు అన్న తండ్రికి జవాబివ్వడానికి ఆ పిల్లనో అటువంటి పిల్లనో ఎరిగిన మనిషి కావలె.

ఆ మనిషి సొంత ఫోనుతో పని నడిపితే మరొక చిక్కు. ఆయన బదిలీ అయిన నాడు పాఠకుల పేర్లు, అడిగిన పుస్తకాల జాబితా, అన్నీ ఆయన జేబులోనే వెళ్ళిపోతవి. కొత్తగా వచ్చినవారు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలె. సంఖ్య గ్రంథాలయం పేర ఉండవలె. తలుపు మీద, ప్రతి పుస్తకపు అట్ట లోపల, ఊరి బడిలో, రేవులో అది వ్రాసి ఉండవలె. అది అధికారితోగాని జిల్లాతోగాని మారరాదు. వేటపాలెం ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్నది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తరువాత ప్రకాశం పేరు పొందిన జిల్లాలోకి వెళ్ళింది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నది. ఇన్ని మార్పులలోనూ ఆ పుస్తకాలున్న ఊరు మాత్రం అదే.